లీటరుకు ఎంత ఇస్తుంది?

 

ఈ వారం పికప్ బండ్ల మైలేజీ గురించి రాస్తున్నాం. "అయ్యగారికి డీజిల్ లెక్కలతో ఏం పని?" అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, ఫర్వాలేదు. కానీ ఈ ఏడాది ఆరాధన అయ్యాక మా దగ్గరకు వచ్చి నిలబడిన యువకుల్లో ఎక్కువమంది ప్రార్థన చేయమని అడిగింది ఉద్యోగం కోసం కాదు, బండి కోసం. "అయ్యగారూ, ఫైనాన్సులో పికప్ తీస్కుంటున్న. లీటరుకు పదహారు ఇస్తదంట. ప్రార్థన చెయ్యుండ్రి." ఆ పదహారు ఎవరు చెప్పారు, ఎక్కడ కొలిచారు, ఎంత బరువు మీద కొలిచారు అని అడిగితే జవాబు ఉండదు. ఇంటి పట్టా, భార్య మెడలో బంగారం, తమ్ముడి చదువు మాత్రం ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటాయి.

కాబట్టి ముందు ఒక లెక్క చూద్దాం. బండి రోజుకు 120 కిలోమీటర్లు తిరుగుతుందనుకోండి. లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే ఏడున్నర లీటర్లు చాలు. 11 మాత్రమే ఇస్తే దాదాపు 11 లీటర్లు కావాలి. తేడా మూడున్నర లీటర్లకు కొంచెం తక్కువ. 2024 మార్చిలో లీటరుకు 2 రూపాయలు తగ్గించిన తర్వాత కూడా హైదరాబాద్‌లో డీజిల్ 95 రూపాయల పైనే ఉండేది. ఆ ధరకు రోజుకు 320 రూపాయలు, 26 పని దినాలకు 8,400 రూపాయల చిల్లర. ఇద్దరు పిల్లల బడి ఫీజు అందులో ఉంది. ఒక్కో ఇంట్లో సగం కిస్తీ అందులో ఉంది. పదహారుకు, పదకొండుకు మధ్య ఉన్న ఆ ఐదు కిలోమీటర్లు ఇంటికి ఎంత పెద్దవో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మన ప్రాంతానికి ఈ బండ్లు ఎలా వచ్చాయో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఒకప్పుడు ఊరి నుంచి పటాన్‌చెరు మార్కెట్‌కు టమాటా, వంకాయ చేరాలంటే పెద్ద లారీ కోసం ఎదురు చూడాలి, లేకపోతే ఆటో మీద కుక్కాలి. 2005లో టాటా ఏస్ వచ్చింది. జనం దానికి చోటా హాథీ అని పేరు పెట్టుకున్నారు. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. బొలెరో పికప్ అయితే ఇప్పుడు లేని ఊరు లేదు. మన జిల్లాలోనే జహీరాబాద్‌లో మహీంద్రా ఫ్యాక్టరీ ఉంది. ట్రాక్టర్లతో పాటు 2015లో వచ్చిన జీతో అనే చిన్న సరుకు బండి కూడా అక్కడిదే. ఇంకా పెద్ద పికప్పులు కావాలంటే, ఇసుజు కంపెనీ 2016 నుంచి ఆంధ్రలోని శ్రీసిటీలో తయారు చేస్తోంది. అంటే ఈ బండ్లు మన తెలుగువాళ్ల చేతుల మీదుగానే తయారై, మన తెలుగువాళ్ల బతుకులనే మోస్తున్నాయి.

తెల్లవారుజామున కూరగాయలు, పొద్దెక్కాక పాశమైలారం నుంచి అట్టపెట్టెలు, మధ్యాహ్నం బొల్లారం వైపు డ్రమ్ములు, సాయంత్రం ఎవరిదో ఇంటి సామాను. ఒకే బండి ఒకే రోజు ఇన్ని పనులు చేస్తుంది. ఒక్కో పనికి ఒక్కో మైలేజీ. అలాంటప్పుడు "మీ బండి ఎంత ఇస్తుంది?" అనే ప్రశ్నకు ఒకే అంకె జవాబు ఎలా అవుతుంది?

కంపెనీ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. అది అబద్ధం కాదు. మన దేశంలో బండ్లను పరీక్షించే సంస్థల్లో పేరున్నది పుణెలోని ఏఆర్ఏఐ. 1966లో పెట్టారు. మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటని చిన్న సరుకు బండ్లను అక్కడ రోడ్డు మీద కాదు, గదిలో తిరిగే రోలర్ల మీద నిలబెట్టి నడుపుతారు. ఎప్పుడు వేగం పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి, ఎన్ని సెకన్లు ఆగాలి అన్నది ముందే రాసి ఉంటుంది. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, సగటు ముప్పై పైచిలుకు. పరీక్ష మొత్తం సుమారు ఇరవై నిమిషాలు. ఏసీ వేయరు. ఎదురుగాలి ఉండదు, గుంతలు ఉండవు, వెనక పూర్తి లోడు ఉండదు. పొగ గొట్టం నుంచి వచ్చే వాయువులను పట్టి, వాటిని బట్టి ఎంత ఇంధనం కాలిందో లెక్క కడతారు.

ఇలా ఎందుకు చేస్తారంటే, రెండు బండ్లను పోల్చాలంటే రెండింటికీ ఒకే పరీక్ష ఉండాలి. ఇద్దరు పిల్లలకు ఒకే ప్రశ్నపత్రం ఇచ్చినట్టు. ఆ పరీక్షలో వచ్చిన మార్కులు ఈ బండి ఆ బండి కన్నా పొదుపా కాదా చెబుతాయి. మీ పొలం నుంచి మీ మార్కెట్‌కు, మీ లోడుతో, మీ డ్రైవరుతో ఎంత ఇస్తుందో చెప్పవు. ఆ అంకెను దాని పనికి వాడితే మంచిదే. మన ఇంటి బడ్జెట్‌గా వాడితేనే చిక్కు.

మరి మన రోడ్డు మీద ఆ అంకెను తినేసేవి ఏమిటి?

మొదటిది బరువు. పికప్పులో మోసే సరుకు ఒక్కోసారి బండి సొంత బరువుకు దగ్గరగా ఉంటుంది. ఆగిన ప్రతిసారీ ఆ బరువు మొత్తాన్ని మళ్లీ కదిలించాలి. బ్రేకు వేసిన ప్రతిసారీ, డీజిల్ పోసి తెచ్చిన వేగం వేడిగా మారి గాలిలో కలుస్తుంది. సంగారెడ్డి దాటి కంది, రుద్రారం, ఇస్నాపూర్, ముత్తంగి మీదుగా పటాన్‌చెరు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద షిఫ్టు మారే వేళ ఎన్నిసార్లు ఆగి కదులుతామో మీకు తెలుసు. ఆ ఆగడాలకు ఖాళీ బండి తక్కువ మూల్యం చెల్లిస్తుంది, నిండు బండి ఎక్కువ చెల్లిస్తుంది.

పరిమితికి మించి ఎక్కించే వాళ్లకు ఇంకో మాట. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఒక్క ట్రిప్పు కలిసొస్తుందని ఎక్కించిన బస్తాలు నెల సంపాదనను తీసుకెళ్లగలవు. క్లచ్చు, టైర్లు, బ్రేకులు అరిగేది వేరు. ఎదురొచ్చే వాడి ప్రాణం అన్నిటికంటే వేరు.

రెండోది నిలబడి తాగే డీజిల్. ఫ్యాక్టరీ గేటు దగ్గర వంతు కోసం బండి ఆన్‌లోనే పెట్టి కూర్చునే అలవాటు మనవాళ్లకు చాలా ఉంది. ఎండ, ఫ్యాన్, ఫోన్ చార్జింగ్, కారణాలు ఉంటాయి. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిను కదలకుండా నడిచినా గంటకు అర లీటరు పైనే తాగుతుంది. రెండు గంటలు అలా పెడితే లీటరు పోయింది, మీటరు మీద ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు. సాయంత్రం మైలేజీ లెక్క వేస్తే పడిపోయి కనిపిస్తుంది. బండి చెడలేదు, డ్రైవరు చెడలేదు. గేటు దగ్గర కాలం గడిచింది, అంతే.

మూడోది వేగం. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే ఖాళీ రోడ్డు చూసి కాలు బరువెక్కుతుంది. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 60లో పోయే బండిని గాలి ఎంత వెనక్కి నెడుతుందో, 80లో దానికి ముప్పావు వంతు పైగా ఎక్కువ బలంతో నెడుతుంది. పికప్ ముందు భాగం నిలువుగా ఉంటుంది, వెనక సరుకు క్యాబిన్ కన్నా ఎత్తుగా కట్టి ఉంటుంది, టార్పాలిన్ అంచు గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. ఇంధన పొదుపు నేర్పడానికి 1978లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ పీసీఆర్ఏ 45 నుంచి 55 మధ్య వేగంలో నడపమని ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది.

నాలుగోది టైర్లలో గాలి. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో సగటున ఒక్కో పాయింటు గాలి తగ్గినప్పుడల్లా మైలేజీ 0.2 శాతం పడిపోతుంది. పది పాయింట్లు తగ్గితే రెండు శాతం. చిన్నదే. కానీ గాలి పట్టించుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. వదిలేస్తే టైరే పోతుంది.

ఐదోది కొత్త బండ్లు తీసుకున్న చాలామందికి తెలియనిది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 నిబంధన వచ్చింది. అప్పటి నుంచి డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ లాంటిది ఉంటోంది. అందులో మసి నిండినప్పుడు బండి తనంతట తానే కొంచెం ఎక్కువ డీజిల్ కాల్చి, ఆ వేడితో మసిని బూడిద చేస్తుంది. అన్నీ చిన్న చిన్న ట్రిప్పులైతే ఆ పని మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది, డీజిల్ దండగ. కాబట్టి మీ కొత్త బండి అన్నీ రెండు మూడు కిలోమీటర్ల కిరాయిలే తిరుగుతుంటే పాత బండి కన్నా తక్కువ ఇచ్చినా ఆశ్చర్యపోవద్దు.

డాలస్ దగ్గర ఉంటున్న మన సంఘపు బిడ్డ ఒకడు ఫోన్ చేసినప్పుడు ఈ మాటలు చెబితే, "ఇక్కడా ఇదే గోల అయ్యగారూ" అన్నాడు. అక్కడ పికప్ అంటే మన బొలెరోకు అన్న లాంటిది. ఫోర్డ్ ఎఫ్-150 లాంటివి. చాలామంది సరుకు కోసం కాదు, ఆఫీసుకు పోవడానికే వాడతారట. అక్కడ కొత్త బండి అద్దం మీద మైలేజీ కాగితం అంటించి అమ్మాలి, అది చట్టం. ఆ అంకె రోడ్డు మీద రావడం లేదని జనం ఏళ్ల తరబడి గొడవ పెట్టాక, అక్కడి పర్యావరణ సంస్థ 2008 మోడళ్ల నుంచి లెక్క మార్చింది. ఎక్కువ వేగం, ఏసీ, చలి వాతావరణం కూడా పరీక్షలో చేర్చింది. దాంతో కాగితం మీది అంకెలు తగ్గాయి. బండ్లు మారలేదు, కొలత నిజానికి దగ్గరైంది.

ఇంకా వింత ఏమిటంటే, మొత్తం బరువు 8,500 పౌండ్లు, అంటే సుమారు 3,850 కిలోలు దాటిన పెద్ద పికప్పులకు ఆ మైలేజీ కాగితం అసలు ఉండదు. అంటే ఎక్కువ తాగే బండికే అంకె లేదు. కొన్నవాడే కొలుచుకోవాలి. ఈ విషయంలో డాలస్ కూ సదాశివపేటకూ పెద్ద తేడా లేదు.

ఆ దేశంలోనే డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లారిక్, సోల్ అనే ఇద్దరు ఆచార్యులు 2008లో ఒక మంచి సంగతి చూపించారు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడగడమే మనల్ని తప్పుదారి పట్టిస్తుందట. మన అంకెలతో చెబుతాం వినండి. ఒకాయన బండి 10 ఇస్తోంది, దాన్ని బాగు చేయించి 12 చేశాడు. ఇంకొకాయన బండి 16 ఇస్తోంది, 18 చేశాడు. ఇద్దరికీ రెండేసి పెరిగాయి. ఎవరికి లాభం ఎక్కువ? వంద కిలోమీటర్లకు మొదటాయనకు 10 లీటర్లు కావాల్సింది 8.3కు తగ్గింది, లీటరున్నర పైగా మిగిలింది. రెండో ఆయనకు 6.25 నుంచి 5.55కు తగ్గింది, ముప్పావు లీటరు కూడా మిగల్లేదు. ఎక్కువ తాగే బండిని కొంచెం బాగు చేస్తేనే ఇంటికి ఎక్కువ మిగులుతుంది. అందుకే ఇంట్లో లెక్క రాసేటప్పుడు "వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు" అని రాయండి. 2013 మోడళ్ల నుంచి అమెరికా కాగితం మీద కూడా ఆ తీరు అంకె వేస్తున్నారు.

ఇక్కడిదాకా డీజిల్ గురించే చెప్పాం. ఇప్పుడు దీని వల్ల మనుషుల మధ్య ఏం జరుగుతుందో చెప్పాలి. అందుకే ఈ వ్యాసం మొదలుపెట్టాం.

మన సంఘంలో ఒక సహోదరుడికి పికప్ ఉంది. దాన్ని నడిపేది మన సంఘంలోనే ఇంకో యువకుడు. ఇద్దరి పేర్లూ ఇక్కడ అక్కర్లేదు. వాళ్లిద్దరూ ఈ వ్యాసం చదివి, వేయమన్నాకే వేస్తున్నాం. బండి నెలకు 2,600 కిలోమీటర్లు తిరిగేది. ఓనరుకు ఆయన బావమరిది చెప్పిన మాట ఒకటి మనసులో నాటుకుంది: "పదిహేను గ్యారంటీగా ఇస్తది." పదిహేను లెక్కన 173 లీటర్లు చాలాలి. బిల్లులు 236 లీటర్లకు వచ్చాయి. అరవై మూడు లీటర్లు ఎటు పోయాయి? ఆరు వేల రూపాయలు ఎటు పోయాయి? ఆయన మనసులో లెక్క తేలిపోయింది. ఒక రోజు బంకు దగ్గర నలుగురి ముందు అనేశాడు: "నా బండ్లె డీజిల్ నీ ఇంట్ల పొయ్యి వెలిగిస్తుందారా?"

ఆ యువకుడు తాళం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. రెండు నెలలు ఆరాధనకు రాలేదు. వాళ్ల అమ్మ వచ్చేది, చివర కూర్చునేది, ముగింపు ప్రార్థన కాకముందే లేచి వెళ్లేది. ఊళ్లో దొంగ అనే మాట ఎంత తొందరగా నడుస్తుందో, దానికి ఏ మైలేజీ అక్కర్లేదో మీకు తెలియనిది కాదు.

మేము ఇద్దరితో విడివిడిగా మాట్లాడాం. ఎవరు నిజం, ఎవరు అబద్ధం అని తీర్పు చెప్పలేదు. "బండినే అడుగుదాం" అన్నాం. వారం రోజులు అదే యువకుడు తోలాలి, ఓనరు పక్క సీట్లో పుస్తకం పట్టుకుని కూర్చోవాలి. మొదట ఇద్దరూ ఒప్పుకోలేదు. వాళ్ల అమ్మ చెప్పాక కొడుకు ఒప్పుకున్నాడు, భార్య చెప్పాక ఆయన ఒప్పుకున్నాడు.

సోమవారం పొద్దున్న ట్యాంకు నింపి బయలుదేరారు. శనివారం సాయంత్రం అదే బంకులో మళ్లీ నింపారు. 640 కిలోమీటర్లకు 57 లీటర్లు పట్టింది. లీటరుకు 11.2. ఓనరు ఒక్క చుక్క ఎక్కడా పోనివ్వకుండా పక్కనే ఉన్నాడు. మధ్యాహ్నం గేటు దగ్గర గంటల కొద్దీ ఎదురు చూడటం ఎలా ఉంటుందో ఆయనకు మొదటిసారి తెలిసింది. రోడ్డు విస్తరణ పనుల దగ్గర నిండు లోడుతో మొదటి గేరులో ఎంతసేపు పాకాలో తెలిసింది. తర్వాత ఒక సెలవు రోజు వాళ్లిద్దరే ఖాళీ బండితో జహీరాబాద్ వైపు వెళ్లి వచ్చారు. 50, 55 మధ్య వేగంతో తిన్నగా. 110 కిలోమీటర్లకు 7.2 లీటర్లు. ఒక్క చిన్న ప్రయాణంతో గట్టి లెక్క తేలదు గానీ, పదిహేను పైచిలుకే వచ్చింది. అంటే బావమరిది చెప్పిన పదిహేను నిజమే. డ్రైవరు తెచ్చిన పదకొండూ నిజమే. ఆ రెండింటి మధ్య ఒక మనిషిని నిలబెట్టి దొంగ అనడమే నిజం కాదు.

ఓనరు ఆ సాయంత్రం ఆ ఇంటికి వెళ్లాడు. "తప్పు నాదే తమ్మీ" అన్నాడు. ఆ యువకుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నువ్వు ఇంటికి వచ్చి చెప్తున్నవ్ అన్నా, సంతోషమే. కని అన్నది బంకుకాడ కదా." ఆ మాట ఆయన మనసులో గుచ్చుకుంది. మర్నాడు బంకుకు వెళ్లి, ఆనాడు విన్న నలుగురిలో ముగ్గురు దొరికితే వాళ్ల ముందు పుస్తకం తెరిచి లెక్క చదివాడు. నాలుగో మనిషి కోసం ఇంకో రోజు వెళ్లాడు. ఆ యువకుడు మళ్లీ ఆయన బండి ఎక్కలేదు. ఇప్పుడు వేరే వాళ్ల బండి నడుపుతున్నాడు. కానీ ఆరాధనకు వస్తున్నాడు. వాళ్ల అమ్మ ఇప్పుడు ముగింపు ప్రార్థన దాకా కూర్చుంటోంది.

డీజిల్ దొంగతనాలే జరగవని మేము చెప్పడం లేదు. జరుగుతాయి, ఓనర్లు నష్టపోతారు. కానీ దొంగతనం ఉందో లేదో తెలియాలంటే ముందు నిజమైన కొలత ఉండాలి. నిజాయితీ గల డ్రైవరును కాపాడేదీ అదే పుస్తకం, నిజాయితీ లేనివాణ్ని పట్టించేదీ అదే పుస్తకం. లేవీయకాండములోనూ సామెతల గ్రంథములోనూ తూనికరాళ్ల ప్రస్తావన ఎందుకు వస్తుందో ఇలాంటప్పుడు బాగా అర్థమవుతుంది. బజారులో పప్పు తూచే రాయి గురించే కాదు, మనిషిని తూచడానికి మనం పట్టుకునే రాయి గురించి కూడా.

కొలిచే పద్ధతి చెబుతాం. ఫోన్లో దాచుకోండి.

ట్యాంకు నిండా పోయించండి, నాజిల్ తనంతట తాను ఆగేదాకా. ఆగాక ఇంకో వంద రూపాయలకు కుక్కి పోయించకండి. మీటరు రీడింగు రాయండి. మామూలుగా తిరిగే పని తిరగండి. ట్యాంకు బాగా తగ్గాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ నాజిల్ ఆగేదాకా నింపండి. ఎన్ని లీటర్లు పట్టిందో రాయండి. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగించండి. ఇలా ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు చేసి మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించండి. అదే మీ బండి మైలేజీ. డాష్‌బోర్డు మీద కనిపించే అంకె అంచనా మాత్రమే. ఐదు వందలకు, వెయ్యికి పోయించుకుంటూ ఉంటే ఏ లెక్కా తేలదు.

పుస్తకంలో ఇంకో రెండు గీతలు గీయండి. ఒకటి లోడు: కాంటా చీటీ ఉంటే ఆ బరువు, లేకపోతే నిండు, సగం, ఖాళీ అని రాసినా చాలు. రెండోది ఆగిన గంటలు. మూడు నెలలకు ఆ పుస్తకం మీకు మీ వ్యాపారం గురించి ఏ సేల్స్ మనిషీ చెప్పలేనిది చెబుతుంది. ఖాళీగా తిరిగి వచ్చే ట్రిప్పులే మిమ్మల్ని ముంచుతున్నాయా, గేటు దగ్గర వెయిటింగే ముంచుతోందా, తెలిసిపోతుంది. వెయిటింగ్ అయితే, కిరాయి మాట్లాడేటప్పుడు ఆ గంటలకు కూడా డబ్బు అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

బంకు కొలత మీద అనుమానం ఉంటే గొడవ పడకండి, ఐదు లీటర్ల పాత్ర అడగండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఆ పాత్ర ప్రతి బంకులో ఉండాలి, మీ ముందే కొలిచి చూపించమని అడిగే హక్కు మీకు ఉంది. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను నియమాలు ఒప్పుకుంటాయి. అంతకు మించితే ఫిర్యాదు చేయవచ్చు. అడగడానికి మొహమాటం వద్దు, మర్యాదగా అడగండి.

కొత్తగా బండి తీసుకోబోయే తమ్ముళ్లకు మా మాట. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకునే ఉపమానం లూకా సువార్త పద్నాలుగో అధ్యాయంలో ఉంది, మీకు కొత్త కాదు. షోరూముకు వెళ్లే ముందు అదే మోడల్ నడుపుతున్న ముగ్గురు డ్రైవర్ల దగ్గర కూర్చోండి. ఓనర్ల దగ్గర కాదు, డ్రైవర్ల దగ్గర. ఏ లోడు, ఏ రోడ్డు, ఎన్ని ట్రిప్పులు అని అడిగి, వాళ్లు చెప్పిన వాటిలో అన్నిటికంటే తక్కువ అంకెతో మీ నెల లెక్క వేయండి. ఆ అంకెతో డీజిల్, కిస్తీ, ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసు పోగా ఇంటికి ఏమైనా మిగిలితే తీసుకోండి. పదహారు వస్తేనే మిగులుతుంది అంటే ఇంకొన్నాళ్లు ఆగండి. మీ కోసం తప్పకుండా ప్రార్థన చేస్తాం, కానీ భాగహారం మీరే చేయాలి.

మన సహోదరీలకు ఒక మనవి. చాలా ఇళ్లలో బండి ఆయన పేరు మీద ఉంటుంది, కిస్తీ భారం మీ మెడ మీద ఉంటుంది. ఆ పుస్తకం మీ దగ్గర పెట్టుకోండి. సంఘాల పొదుపు లెక్కలు ఏళ్లుగా రాస్తున్న చేతులు మీవి. రాత్రి ఆయన ఇంటికి రాగానే "ఎంత సంపాదించినవ్?" అని కాకుండా "రీడింగు ఎంత, ఎన్ని గంటలు ఆగినవ్?" అని అడిగి రాసుకోండి. ఆయన రోజంతా ఎక్కడ, ఎలా గడిపాడో దాంతో మీకూ తెలుస్తుంది.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తర్వాత, బండ్లు ఉన్నవాళ్లు, నడిపేవాళ్లు అందరూ మందిరం వెనక వేపచెట్టు కింద కాసేపు ఉండండి. ఖాళీ పుస్తకాలు మేము తెచ్చి పెడతాం. ఇప్పటికే రాస్తున్నవాళ్లు మీవి తెండి. ఒకరి లెక్క ఒకరికి చూపించుకుందాం, ఎవరి బండి తక్కువ ఇస్తోందని నవ్వకుండా. అమ్మగారు టీ పెడతానన్నారు.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. రాత్రిపూట బండి తోలుతున్న మన బిడ్డలను పేరు పేరునా గుర్తు చేసుకుంటున్నాం.